వరంగల్‌కి శరత్తు ఎటు నుంచి వస్తుంది?

ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చదివిన మనలో చాలామందికి ఆటమ్ అంటే ఒక బొమ్మ. ఎర్రగా మారిన మేపుల్ ఆకులు, వాటి మీద నడిచే మఫ్లర్ వేసుకున్న పిల్లాడు. తెలుగు పీరియడ్‌కి వచ్చేసరికి అదే బొమ్మకి కింద శరదృతువు అని రాసుకున్నాం. కొన్ని చోట్ల ఇంకో అడుగు ముందుకేసి 'ఆకురాలు కాలం' అని కూడా చెప్పేస్తారు. తీరా అక్టోబర్‌లో హనుమకొండ రోడ్ల మీద చూస్తే ఒక్క చెట్టు కూడా బోసిగా కనబడదు. దాంతో మనకు ఆటమ్ లేదు, ఎండ, వాన, చలి అంతే అని తేల్చేసుకుంటాం.

అసలు తప్పు ఆ అనువాదంలోనే ఉంది. చలి దేశాల చెట్లు ఆకులు రాల్చేది వెలుతురు తగ్గి, నేల గడ్డకట్టే కాలం దగ్గర పడుతుంది కాబట్టి. మన చెట్లకు ఆ భయం లేదు. వాటి బాధ నీళ్లు. వానలు పోయి నాలుగైదు నెలలు గడిచి నేల ఎండిపోయాక, ఆకుల ద్వారా నీరు ఆవిరైపోకుండా రాల్చేస్తాయి. ఫిబ్రవరిలో ములుగు దాటి ఏటూరునాగారం వైపు వెళ్తే టేకు చెట్లు కట్టెల్లా నిలబడి ఉంటాయి. అది శిశిరం. ఆశ్వయుజ, కార్తీక మాసాల శరత్తులో ఆకు నిండుగా పచ్చగా ఉంటుంది. కాబట్టి మన శరత్తుని చెట్టు మీద వెతికితే దొరకదు, ఆకాశంలో వెతకాలి.

అది బయల్దేరేది కూడా ఇక్కడి నుంచి కాదు, ఎడారి నుంచి. నైరుతి రుతుపవనాలు దేశాన్ని వదలడం పశ్చిమ రాజస్థాన్‌లో మొదలవుతుంది. వాతావరణ శాఖ లెక్కలో దానికి మామూలు తేదీ సెప్టెంబర్ 17. వానలు పోయాయని ప్రకటించడానికి మూడు కండిషన్లు చూస్తారు. వరసగా ఐదు రోజులు వాన పడకూడదు. కింది గాలి పొరల్లో గాలి పైనుంచి దిగి బయటికి తిరిగే అధిక పీడన వలయం ఏర్పడాలి. ఉపగ్రహ చిత్రాల్లో తేమ తగ్గాలి. మూడింటి మధ్య ఉన్నది అండ్ ఆపరేటర్, ఆర్ కాదు! ఆ గీత మెల్లగా కిందికి జరుగుతూ అక్టోబర్ రెండో వారం ప్రాంతంలో తెలంగాణ దాటుతుంది. మా నాయనమ్మ దీన్నే 'వానలు ఎన్కవట్టినయి' అంటుంది. విత్‌డ్రాయల్ అనే మాటకు ఇంతకన్నా మంచి తెలుగు నేనైతే చూడలేదు.

గీత దాటిందని మనకెలా తెలుస్తుంది? వెదర్ యాప్ పెద్దగా చెప్పదు, ఎందుకంటే అది పైన పెద్దగా చూపించేది పగటి ఉష్ణోగ్రత. సెప్టెంబర్‌కీ అక్టోబర్‌కీ మధ్య పగటి వేడి అంతగా మారదు, మబ్బు తొలగాక ఒక్కోసారి ఇంకాస్త చురుక్కుమంటుంది కూడా. మారేది రాత్రి. వానాకాలంలో మబ్బు దుప్పటిలా కప్పి నేల వేడిని బయటికి పోనివ్వదు. ఆ దుప్పటి తీసేస్తే నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. గాలిలో ఇంకా మిగిలిన తేమ చల్లటి వస్తువుల మీద నీటి బొట్లవుతుంది. వాన పడకుండానే పొద్దున హాస్టల్ పార్కింగ్‌లో బైక్ సీటు తడిగా ఉంటే అదన్నమాట సంగతి. గాలి కూడా దిక్కు మార్చుకుంటుంది. మొన్నటిదాకా పడమటి నుంచి తేమ మోసుకొచ్చిన గాలి ఇప్పుడు ఉత్తరం, ఈశాన్యం నుంచి పొడిగా వస్తుంది. భద్రకాళి చెరువు గట్టు మీద సాయంత్రం కాసేపు నిలబడితే ముఖానికి తెలుస్తుంది.

మనకన్నా ముందు పసిగట్టేది మాత్రం గునుగు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూలై చివర నడినెత్తిన ఉన్న మధ్యాహ్నపు సూర్యుడు, సెప్టెంబర్ 23 నాటికి 18 డిగ్రీలు దక్షిణానికి ఒరిగిపోతాడు. ఆ రోజుల్లో పగలు రోజుకు దాదాపు ఒక నిమిషం తగ్గుతుంది. మనకది అస్సలు తెలియదు, మిడ్స్ గొడవలో ఉంటాం. గునుగు జాతి మొక్కలు మాత్రం పగలు చిన్నదయ్యేకొద్దీ త్వరగా పూతకొస్తాయి. చేను గట్ల మీద తెలుపు, గులాబీ కంకులు లేస్తాయి, పక్కన తంగేడు పసుపు. ఆ రెండూ పూసే కాలంలోనే బతుకమ్మ. పండగ చాంద్రమానం మీద నడుస్తుంది కాబట్టి తేదీ మారుతుంటుంది. 2023లో అక్టోబర్ 14న మొదలైంది, 2025లో సెప్టెంబర్ 21న. అంత తేడా వచ్చినా, అధిక మాసం సర్దుబాటు వల్ల పండగ పూల కాలం దాటి బయటికి పోదు. ఈ డిజైన్ చేసినవాళ్లెవరో గానీ దండం పెట్టాలి.

ఇదంతా ముచ్చట కోసమే అనుకోకండి. సరిగ్గా ఇప్పుడే పత్తి విచ్చుకుని ఏరడం మొదలవుతుంది, ఏనుమాముల మార్కెట్‌కి కొత్త పత్తి రావడం మొదలవుతుంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. అంటే ఉత్తరం నుంచి వచ్చే ఆ పొడి గాలి మీదే రైతు ధర ఆధారపడి ఉంది. వానలు ఎన్కవట్టినా బంగాళాఖాతం ఊరుకుంటుందని కాదు. 2025లో రుతుపవనాలు వెళ్లిపోయిన రెండు వారాలకే, అక్టోబర్ చివర మొంథా తుపాను వరంగల్, హనుమకొండలను ముంచేసింది. క్యాలెండర్ చూసి శరత్తు వచ్చిందనుకుంటే చేలో పత్తి నల్లబడుతుంది.

గునుగు కథ వేరు. రైతుకు అది కలుపు మొక్క. కలుపు తీసే కూలీ ఖర్చు భరించలేక కలుపు మందు కొట్టే చేలల్లో అది మిగలదు. రైతుని తప్పు పట్టడానికి లేదు. కానీ నగరంలో మనం బజార్లో కట్ట కొనుక్కుని, రంగుల్లో ముంచి పేరుస్తున్నాం. కట్ట చూస్తే పూసిందని తెలుస్తుంది, ఎక్కడ పూసిందో తెలియదు.

దసరా సాయంత్రం పాలపిట్టను చూసి, జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అంటాం కదా. జమ్మి మన రాష్ట్ర వృక్షం. రాజస్థాన్‌లో దాన్ని ఖేజ్డీ అంటారు, వాళ్ల రాష్ట్ర వృక్షం కూడా అదే. వానలు ముందుగా వదిలేసే ఆ ఎడారిలో నిలబడే చెట్టు అది.