లేనిచోట ఉందనే సాక్షి
యాంటీబాడీలకూ తప్పని పరీక్ష

సంచి మీద చీటీ చూసి కొన్న విత్తనం మంచిదో కాదో మొలకెత్తితే గాని తెలియదు. అందుకే తెలిసిన రైతు ముందుగానే కొన్ని గింజలు తడిగుడ్డలో మూటగట్టి చూసుకుంటాడు. శాస్త్రజ్ఞుల ప్రయోగశాలల్లోనూ ఇలాంటి చిక్కే ఉన్నది. అక్కడ కొనే సరుకు పేరు యాంటీబాడీ.

రోగక్రిములను పట్టుకునేందుకు మన ఒంట్లో తయారయ్యేవే యాంటీబాడీలు. ఒక్కొక్కటి తనకు సరిపడిన పదార్థానికే అతుక్కోవాలి. ఈ గుణాన్ని ఆసరా చేసుకుని కుందేళ్లు, ఎలుకల వంటి జంతువుల సాయంతో వీటిని తయారుచేయించి, కంపెనీలు చిన్న సీసాల్లో అమ్ముతున్నాయి. జీవకణంలో ఫలానా ప్రొటీన్ ఎక్కడ ఉన్నదో చెప్పే సాక్షి అదే. సాక్షి అబద్ధమాడితే తీర్పు తలకిందులవుతుంది.

ఏ.ఎల్.ఎస్. అనే జబ్బులో కండరాలను ఆడించే నాడీకణాలు చచ్చిపోతాయి. కాళ్లూ చేతులూ చచ్చుబడి, చివరకు ఊపిరి కూడా అందదు. నయం చేసే మందు నేటికీ లేదు. ఈ జబ్బుకు ఒక ముఖ్యకారణం సి9ఓఆర్‌ఎఫ్72 అనే జన్యువులోని లోపమని 2011లో తేలింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కణంలో ఏ మూల ఉంటుందో తేల్చేందుకు పలువురు పూనుకున్నారు.

కెనడాలోని మాంట్రియల్ నగరంలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ సాక్షులనే బోనెక్కించారు. మనిషి కణాలను రెండు జట్లుగా తీసుకున్నారు. ఒక జట్టులో ఆ జన్యువును పనిచేయకుండా చేశారు. ఇక అక్కడ ఆ ప్రొటీన్ ఉండదు. రెండు జట్లలోనూ యాంటీబాడీని వాడి చూశారు. ఉన్నచోట ఉందని, లేనిచోట లేదని చెబితే అది నికరమైనది. లేనిచోట కూడా ఉందంటే పనికిరానిది. పేరుపడ్డ పరిశోధనల్లో వాడిన కొన్ని యాంటీబాడీలు ఆ ప్రొటీన్‌ను గుర్తించనే లేదని 2019లో వెల్లడయింది.

మెదడు, నాడులకు సంబంధించిన 65 ప్రొటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలకు జరిపిన ఇలాంటి పరీక్షల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. సగానికి పైగా ప్రొటీన్లకు కనీసం ఒక మేలైన యాంటీబాడీ దొరకడం ఊరట కలిగించే విషయం. కాని ఒక్కొక్క ప్రొటీన్‌కు సగటున 12 పరిశోధన వ్యాసాల్లో, దానిని గుర్తించలేని యాంటీబాడీ ఇచ్చిన సాక్ష్యం ఉన్నట్లు బయటపడింది. ఆ ఫలితాలు చూసి కంపెనీలే విఫలమైన వాటిలో సుమారు 20 శాతాన్ని అమ్మకం నుంచి తొలగించాయి. సుమారు 40 శాతానికి వాడక సూచనలు మార్చాయి.

విత్తనం మొలవకపోతే ఒక కారు పోతుంది. తప్పుడు సాక్ష్యాన్ని నమ్ముకుంటే పరిశోధనలో ఏళ్లే పోతాయి. మందు కోసం ఎదురుచూస్తున్న రోగికి అన్ని ఏళ్లు ఉండవు.