అంగారకుడి మంచు పొరల్లో వాతావరణ చరిత్ర

అంగారకుడి ఉత్తర ధ్రువాన్ని సుమారు 1000 కిలోమీటర్ల వెడల్పున కప్పి ఉన్న హిమరాశి కొన్నిచోట్ల రెండు కిలోమీటర్లకు మించిన మందం కలది. అందులో అత్యధిక భాగం నీటి మంచే. 1971-72లో మారినర్ 9 వ్యోమనౌక తీసిన చిత్రాల్లో, ఈ మంచును కోసుకుంటూ సాగే లోయల గోడలపై ముదురు, లేత రంగుల చారలు వందల కిలోమీటర్ల మేర కనిపించాయి. మంచుతో పాటు పేరుకున్న ధూళి ఒక్కో పొరలో ఒక్కో పాళ్లలో ఉండటమే వీటికి మూలం. అయితే గోడపై జారిన దుమ్ము, కొత్తగా పట్టిన తుషారం పైరంగును మార్చేస్తాయి గనుక కంటికి కనిపించే చారనే నమ్మలేము. అందుకే 2006 నుంచి అంగారకుడిని చుట్టివస్తున్న మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ తన రాడార్‌తో రేడియో తరంగాలను మంచులోకి పంపి, ధూళి పాలు మారిన చోటల్లా వెనుదిరిగే ప్రతిధ్వనులను నమోదు చేస్తోంది.

పొరలు మారడానికి ప్రధాన కారణం గ్రహపు అక్షం వంపు. పెద్ద చంద్రుడి అండ వల్ల భూమి అక్షం 22, 24.5 డిగ్రీల మధ్యనే కదలుతుండగా, అటువంటి తోడు లేని అంగారకుడి అక్షం, ప్రస్తుతం 25 డిగ్రీల వద్ద ఉన్నా, గత 50 లక్షల సంవత్సరాల్లో దాదాపు 15 నుంచి 35 డిగ్రీల దాకా, సుమారు 1,20,000 ఏళ్లకొక ఆవృత్తిగా, వేగం తగ్గిన బొంగరంలా ఊగిసలాడింది. వంపు పెరిగినప్పుడు ధ్రువంపై వేసవి ఎండ తీవ్రమై, మంచు కరగకుండానే నేరుగా ఆవిరయ్యే ఉత్పతనం అనే ప్రక్రియ ద్వారా మధ్య అక్షాంశాలకు తరలిపోతుంది. వంపు తగ్గినప్పుడు తిరిగి ధ్రువానికి చేరుతుంది. భూమి మీద హిమయుగమంటే ధ్రువాల మంచు పెరిగే కాలం కాగా, అంగారకుడి మీద అది ధ్రువాలు మంచును కోల్పోయే కాలం. సుమారు 3,70,000 ఏళ్ల కిందట చివరి హిమయుగం ముగిసినప్పటి నుంచి ధ్రువాలపై 87,000 ఘనకిలోమీటర్ల మంచు చేరిందని 2016లో ప్రచురితమైన రాడార్ పరిశోధన అంచనా వేసింది.

ఈ అంచనాలోని కాలం మంచులో నేరుగా చదివినది కాదు, అక్షం లెక్కలతో పొరలను సరిపోల్చి రాబట్టినది. అంటార్కిటికాలో 8,00,000 ఏళ్ల మంచును తవ్వి తీసి, అందులో చిక్కిన గాలిని సైతం పరీక్షించగలిగారు. అంగారకుడి పొరలకు ఇంకా ఆ అదృష్టం పట్టలేదు. పైగా ఎండ తీవ్రమైన కాలాల్లో కొన్ని పొరలు పూర్తిగా చెరిగిపోయి ఉంటాయి గనుక మందాన్ని బట్టి వయసు కట్టడం ప్రమాదకరం. లోయ గోడల్లో బయటపడిన పొరల్లో ఒక్కదాని వయసైనా అక్కడి నమూనాతోనే స్వతంత్రంగా తేలితే, ఇప్పటి లెక్కలకు మొదటి గట్టి పరీక్ష ఎదురవుతుంది.