బొమ్మ నిండా గీతలు ఎలా వస్తాయి?

కంప్యూటర్లో ఒక వృత్తం గీసి, లోపల ఏటవాలు గీతలు నింపమంటే క్షణంలో నిండిపోతుంది. 'ప్యాటర్న్' పద్ధతిలో నింపితే ఆ గీతలన్నీ అది విడివిడిగా గీస్తుందా? లేదు. దాని దగ్గరున్నది ఒక చిన్న ముక్కే.

లిబ్రెఆఫీస్ డ్రా అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో వృత్తం మీద కుడి క్లిక్ చేసి 'ఏరియా'లోకి వెళ్లి, 'ప్యాటర్న్' నొక్కండి. అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 గళ్లు కనిపిస్తాయి. పై మూల నుంచి ఎదురు కింది మూల దాకా 8 గళ్లకు రంగు వేస్తే ఏటవాలు గీత తయారు. ఆ ముక్కనే గచ్చు మీద టైల్స్ పరిచినట్టు కంప్యూటర్ పేర్చుకుంటూ పోతుంది. వృత్తం అంచు దాటిన భాగాన్ని చూపించదు. ఒక ముక్కలో గీత ఆగిన మూలకు ఆనుకునే తర్వాతి ముక్కలో గీత మొదలవుతుంది కాబట్టి అతుకు తెలియదు. చివరి గడి ఒక్కటి ఖాళీగా వదిలి చూడండి, గీతలన్నీ తెగిపోతాయి!

రంగులుండగా ఇదంతా ఎందుకు? 1984లో మాక్‌పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రామ్ వచ్చినప్పుడు, అది నడిచే కంప్యూటర్ తెర మీద నలుపు, తెలుపు తప్ప మరో రంగు లేదు. చుక్కలు దగ్గరగానో దూరంగానో పెట్టి బూడిద రంగు భ్రమ కలిగించేవారు. ఇప్పుడైనా నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపించొచ్చు. గీతలూ చుక్కలూ అలా కలిసిపోవు. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో అయితే 45 డిగ్రీల సన్నగీతలకు అర్థమే వేరు: వస్తువును అక్కడ కోసి లోపలి భాగం చూపిస్తున్నారని.