వీకెండ్ కారు: కొనాలా? కౌలుకి తీసుకోవాలా?

ఆఫర్ లెటర్ చేతికి రాకముందే చాలామంది ఫోన్‌లో ఓ కారు ఫొటో సేవ్ అయి ఉంటుంది. అదీ మామూలు కారు కాదు, థార్ రాక్స్‌లాంటి 2 లీటర్ల ఇంజిన్ బండి. వారమంతా మెట్రో, ఆఫీస్ క్యాబ్. శని, ఆదివారాలకి మాత్రం ఇది! ఈ కోరికలో తప్పేం లేదు. కాకపోతే సంతకం పెట్టకముందే లెక్క చూసుకోవాలి.

మీది సంగం జాగర్లమూడి, ఉద్యోగం హైదరాబాద్‌లో అనుకుందాం. నెలకి రెండు వారాంతాలు ఊరొస్తారు. ఓ పూట కొమ్మమూరు కాలవ గట్టు మీద షికారు, ఇంకో పూట బాపట్ల మీదుగా సూర్యలంక బీచ్. అంటే బండి తిరిగేది నెలకి నాలుగు రోజులే. మిగతా రోజులన్నీ సెల్లార్‌లో దుమ్ము పట్టడమే.

కొంటే...

ఆన్‌రోడ్ 15 లక్షల బండి అనుకుందాం. 3 లక్షలు చేతి నుంచి కట్టి, 12 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 24,900. ఇన్సూరెన్స్, సర్వీసింగ్‌కి ఏడాదికి 50 వేలు వేసుకోండి. ఐదేళ్లకి మొత్తం ఖర్చు 20.45 లక్షలు. అప్పుడు 7 లక్షలకి అమ్ముడుపోయిందనుకున్నా, నెలకి 22,400 పడ్డట్టు. నాలుగు రోజులకి పంచితే రోజుకి 5,600. ఇంకా పెట్రోలు పోయించలేదు!

లీజుకి తీసుకుంటే...

మన వైపు లీజు కొత్తేం కాదు. అది కౌలే. పంట పండినా ఎండినా కౌలు కట్టాలి, భూమి మాత్రం ఆసామిదే. కారు కూడా అంతే. నడిపినా, నడపకపోయినా నెల అద్దె ఆగదు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ చాలావరకు అందులోనే కలిసి ఉంటాయి కాబట్టి ఆ తలనొప్పి తగ్గుతుంది. కానీ కిలోమీటర్ల పరిమితి, గడువుకి ముందే వదిలేస్తే కట్టాల్సిన రుసుము ఉంటాయి.

కొన్ని కంపెనీలు జీతంలో భాగంగానే కారు లీజు ఇస్తాయి. 'ట్యాక్స్ మిగులుతుంది' అని చెబుతారు. ఎవరికి మిగులుతుందో చూడండి. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి ఉద్యోగులకి 12.75 లక్షల జీతం దాకా పన్నే లేదు. కట్టని పన్నులో మిగిలేదేముంటుంది? పైగా ఇంజిన్ 1.6 లీటర్లు దాటితే, మీకు అందిన సౌకర్యం కింద పన్ను లెక్కలో కలిపే మొత్తం కూడా ఎక్కువే.

అసలు చిక్కు ఇంకోటుంది. ఏడాదిన్నరకే మంచి ఆఫర్ వస్తే? మీరు కంపెనీ మారినా లీజు మిమ్మల్ని వదలదు. తొలి ఉద్యోగంలో మీకున్న పెద్ద బలం, మారే స్వేచ్ఛే. దాన్ని బండికి తాకట్టు పెట్టొద్దు.

మూడో దారి

కావలసిన రోజుకే సెల్ఫ్ డ్రైవ్ కారు. రోజు అద్దె 4 వేలనుకుంటే, నెలకి ఆరు రోజులైనా తిప్పితేనే కొనడం గిట్టుబాటు. మీకు దొరికే అసలు అద్దెతో ఇదే లెక్క వేసుకోండి. నంబర్ ప్లేటు కూడా గమనించండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కార్లకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెలిసినవాళ్లదేలే అని తెల్ల ప్లేటు సొంత కారు అద్దెకి తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు.

హెచ్‌ఆర్‌ని అడగండి

* మధ్యలో ఉద్యోగం మానేస్తే ఎంత కట్టాలి?
* ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు? దాటితే ఎంత?
* గడువు తీరాక బండి కొనుక్కోవచ్చా? ఏ ధరకి?

జవాబులు నోటిమాటగా కాదు, మెయిల్‌లో తీసుకోండి. ఓ ఆరు నెలలు అద్దె బండితో ఊరొచ్చి చూడండి. నెలకి నిజంగా ఎన్ని రోజులు నడుపుతున్నారో అప్పుడు తేలిపోతుంది. షోరూమ్‌కి వెళ్లేది ఆ అంకె చేతిలో పెట్టుకునే.