పట్టాలు ముగిసే ఊరు

ముంబయి నుండి పుణే వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రైళ్ళు కర్జత్ దాటగానే బోర్ ఘాట్ ఎక్కిపోతాయి. ఖోపోలీ చేరదలచినవారు మాత్రం కర్జత్ వద్ద విడిపోయే శాఖా మార్గంలో, లోకల్ రైలులో మరొక 15 కిలోమీటర్లు పోవాలి. అక్కడితో పట్టాలు ముగుస్తాయి. ఎదుట సహ్యాద్రి గోడలా నిలిచి ఉంటుంది.

యాత్రికుడికి మొదట కనిపించేది ప్రకృతి సౌందర్యం కాదు. కర్మాగారాల ప్రహరీలు, లారీలు, తెల్లవారకముందే డబ్బాలు చేతబట్టి ముంబయి బండి ఎక్కే ఉద్యోగులు. వారికి రాకపోకలకే రోజూ నాలుగు గంటలకు పైగా పడుతుంది.

ఒకప్పుడు ఈ ఊరిని తప్పించుకుపోవడం సాధ్యమయ్యేది కాదు. రైలు 1856లో ఇక్కడికి వచ్చింది. కొండ ఎక్కే మార్గం 1863లో గాని పూర్తి కాలేదు. ఆ ఏడేళ్ళూ పుణే ప్రయాణీకులు ఇక్కడ దిగి, పల్లకీలలోనో గుర్రాల మీదనో ఘాట్ దాటవలసి వచ్చేది. మార్గం పూర్తికాగానే ఖోపోలీ పక్కకు మిగిలిపోయింది.

1915లో టాటాలు ఇక్కడ జలవిద్యుత్ కేంద్రం నెలకొల్పారు. పైన లోనావలా ప్రాంతపు జలాశయాల నుండి నీరు గొట్టాలలో సుమారు అర కిలోమీటరు ఎత్తు నుండి దూకి యంత్రాలను తిప్పుతుంది. ఆ విద్యుత్తే బొంబాయి బట్టల మిల్లులను నడిపింది. మన తెలంగాణ నేతపనివారెందరో బతుకుతెరువుకు చేరినది ఆ మిల్లులకే. పని ముగించుకున్న నీరు పాతాళగంగ నదిలో కలుస్తుంది. అందుచేత ఎండాకాలంలోనూ ఆ నది పారుతూనే ఉంటుంది.

ఊరిలో బస చేసినవారికి చూడదగినవి చాలా ఉన్నాయి. అష్టవినాయక క్షేత్రాలలో ఒకటైన మహడ్ దగ్గరలోనే ఉంది. 1661లో శివాజీ మొగలు సేనను అడవిలో చుట్టుముట్టి ఓడించిన ఉంబర్‌ఖిండ్ కూడా ఎంతో దూరం కాదు. వానాకాలంలో జనం ఎగబడేది జెనిత్ జలపాతానికి. అది దేవత పేరు కాదు, పక్కనున్న కర్మాగారం పేరు! పైన కొండల్లో వాన పడితే అక్కడ ప్రవాహం హఠాత్తుగా పెరుగుతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

పాత పుణే రహదారి మీద ముంబయి వైపు వెళితే, చౌక్ వద్ద ఇర్షాల్‌గడ్ శిఖరం కనిపిస్తుంది. దాని నడిమి వాలులో ఇర్షాల్‌వాడీ అనే ఠాకర్ గిరిజనుల గూడెం ఉండేది. కోట ఎక్కేవారి కాలిబాట ఆ గూడెం మీదుగానే పోయేది. 2023 జులై 19 రాత్రి కొండచరియ విరిగి ఇళ్ళమీద పడింది. రోడ్డు లేనందువల్ల యంత్రాలు పైకి చేరలేదు. సహాయక బృందాలు వానలో నడిచి ఎక్కి, చేతులతో, పారలతో మట్టి తవ్వాయి. నాలుగు రోజుల తరువాత అన్వేషణ ఆపివేసేనాటికి 27 మృతదేహాలు లభించాయి. మరి 57 మంది జాడ తెలియలేదు. బతికి బయటపడినవారు మళ్ళీ ఆ వాలు మీద ఇళ్ళు కట్టుకోలేదు. కొండ దిగి, చౌక్ పరిసరాలలో స్థిరపడ్డారు.