ఆసనం అయినాక ఏంది?

2015 నుంచీ ప్రతి జూన్ 21న బడి గ్రౌండుల్లో చాపలేసి ఆసనాలు ఏయిస్తన్నారు. ఫొటోలు దిగి చాపలు చుట్టేస్తన్నారు. యోగా అంటే అంతేనా?

పతంజలి సూత్రాలు దాదాపు 195. వాటిల్లో ఆసనం గురించి మూడే మూడు. ఎనిమిది మెట్లలో అది మూడోది. మొదటిది యమం: హింస, అబద్ధం, దొంగతనం కూడదు, కోరికల్ని అదుపులో పెట్టుకో, అవసరానికి మించి పోగెయ్యొద్దు. ఇయ్యన్నీ తోటి మనుషుల మధ్య చెయ్యాల్సినయి.

పని మానొద్దు, ఫలం మీద ఆశ వదులు అని గీత చెప్పుద్ది. దీన్ని చూపించి నోరు మూసుకోమనేవాళ్ళు ఉన్నారు. కానీ తిలక్ మాండలే జైల్లో రాసిన 'గీతారహస్యం' 1915లో అచ్చయింది. గీత సారం కర్మేనని ఆయన వాదన. గీతలో వర్ణధర్మం కూడా ఉంది, దాన్ని మనం మొయ్యక్కర్లా. ప్రశ్నిస్తా చదవాలి.

మన హనుమంతునిపాడు, కనిగిరి పక్క బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు. వెలిగొండకి 1996లో శంకుస్థాపన చేశారు. ఇట్టాంటి కాడ నీళ్ళు రేపే రావాలనుకునేవాడు రెండు ధర్నాలకే అలిసిపోతాడు. ఫలం మీద ఆశ వదలటమంటే నీళ్ళు అడగటం మానటం కాదు తమ్ముడూ, ఇయ్యాల రాలేదని రేపు అడగటం మానకపోటం. ఈ నెల అర్జీ ఇచ్చావా? వచ్చే నెల మళ్ళీ పో.