“అది లేకపోతే నన్ను బాట్ అంటున్నారు నాన్నా!”



సంక్రాంతి సెలవుల తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌కు చిలకలూరిపేట వైపు నుంచి ఒక తండ్రి వచ్చారు. ఫోన్ తీసి బ్యాంకు మెసేజ్‌లు చూపించారు. నాలుగు రోజుల్లో ఆరుసార్లు డబ్బు కట్ అయింది. “మొదటి కోత కాయ ఇంకా యార్డుకి వెయ్యనే లేదండీ, వీడు తుపాకీకి రంగు కొన్నాడు” అన్నారు. పక్కన నిలబడ్డ ఎనిమిదో తరగతి అబ్బాయి తల ఎత్తకుండా అన్న మాటే పైన శీర్షికగా పెట్టాం. బాట్ అంటే మనిషి కాకుండా కంప్యూటర్ నడిపే డమ్మీ ఆటగాడు. పిల్లల భాషలో, ఆట రానివాడు.

ఆ రంగు ఉంటే ఆట వచ్చినట్టేనా? ముందు అది తేల్చుకుందాం.

బీజీఎంఐ సంగతి చూడండి. మామూలు మ్యాచ్‌లో అందరూ విమానం నుంచి ఉత్త చేతులతోనే దూకుతారు. తుపాకీ, హెల్మెట్, చొక్కా మీద వేసుకునే కవచం కిందికి దిగాక ఏరుకోవాల్సిందే. హెల్మెట్‌లో మూడు లెవల్స్ ఉంటాయి, మూడోది గట్టిది. అది నిజంగా ప్రాణం కాపాడుతుంది. కానీ మ్యాచ్ అయిపోగానే పోతుంది, తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ ఏరుకోవాలి. డబ్బు పెట్టి కొనేది ఇది కాదు. ‘యూసీ’ అనే ఆట నాణేలతో కొనేవి డ్రెస్సులు, తుపాకీ రంగులు. వీటినే స్కిన్లు అంటారు. పిల్లలు కళ్లింత చేసుకుని చెప్పే ‘ఎం416 గ్లేసియర్’ అలాంటిదే. మంచు రంగు వేసినా గుండు దెబ్బ మాత్రం మామూలు ఎం416 కొట్టే దెబ్బే. పైగా ఇలాంటి అరుదైనవి చాలావరకు నేరుగా కొనుక్కునేవి కావు. డబ్బు కట్టి పెట్టె తెరవాలి, లోపల ఏముందో అదృష్టం. ఇలాంటి పెట్టెలను బెల్జియం 2018లోనే జూదంగా లెక్కగట్టింది.

అయితే పిల్లవాడి మాట పూర్తిగా కొట్టెయ్యకండి. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో కొన్ని తుపాకీ స్కిన్లు దెబ్బనో, వేగాన్నో కాస్త పెంచుతాయి, ఇంకోచోట కాస్త తగ్గిస్తాయి. ఫోన్ సంగతీ అంతే. పాత ఫోన్‌లో బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే, సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో కూర్చుంటే ఎంతటివాడైనా ఓడిపోతాడు. ఈ విషయాల్లో వాడికి మనకంటే ఎక్కువ తెలుసు. “అదంతా ఉత్తదే” అనేస్తే, ఆ తర్వాత మనం చెప్పేది వినడు.

మన వైపు బండలాగుడు పోటీలు చూడనివారు ఉండరు. ఒంగోలు జత బరిలోకి వస్తుంటే కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో మువ్వల పట్టెడ, వీపు మీద జరీ గుడ్డ. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ తాడు కట్టాక ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. 2024 జూన్‌లో హైదరాబాద్ హైటెక్స్‌లో బీజీఎంఐ ఇండియా సిరీస్ ఫైనల్స్ జరిగాయి. బహుమతి మొత్తం 2 కోట్ల రూపాయలు. అక్కడ కూడా ఎన్నో స్థానంలో నిలిచారు, ఎంతమందిని పడగొట్టారు అన్నదానికే పాయింట్లు. డ్రెస్సుకు సున్నా.

పోనీ ర్యాంకు? బ్రాంజ్ నుంచి కాంకరర్ దాకా మెట్లు ఉన్నాయి. స్కిన్ కంటే ఇది నయమే. కానీ గంటలు గంటలు కూర్చుని, దాక్కుని ప్రాణం నిలుపుకున్నా ర్యాంకు ఎక్కుతుంది. ఐడీలు చేతులు మారుతుంటాయి కూడా. పాత అరుదైన డ్రెస్ వేసుకున్నవాడే దాన్ని సంపాదించాడని చెప్పలేం.

(మిర్చి యార్డులో రంగు చూసి ధర కడతారు కదా అని ఒక తండ్రి అడిగారు. నిజమే. బ్యాడిగిని రంగు కోసమే కొంటారు, అక్కడ రంగే సరుకు. ఘాటు కావాల్సినవాడు తేజ అడుగుతాడు.)

ఇదంతా పిల్లలకు తెలియదా? చాలామందికి తెలుసు. తెలిసీ అడుగుతున్నారంటే వాళ్లకు కావాల్సింది నైపుణ్యం కాదు, నలుగురి టీమ్‌లో చోటు. 2019లో ఇంగ్లండ్ బాలల కమిషనర్ కార్యాలయం పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక ఇచ్చింది. ఆటతో పాటు ఉచితంగా వచ్చే బట్టల్లోనే ఆడేవాళ్లను అక్కడ ‘డిఫాల్ట్’ అని వెక్కిరిస్తారట. డబ్బు లేనివాడు అని దాని అర్థం. మన పిల్లల ‘బాట్’లోనూ ఆ వాసన ఉంది. కౌలు రైతు బిడ్డకు, ఇంజనీరు బిడ్డకు యూనిఫాం ఒకటే ఇచ్చాం. సాయంత్రం ఫోన్‌లో ఆ తేడా మళ్లీ కనబడుతోంది.

కాబట్టి “ఎంత ఖర్చు పెట్టావు?” కంటే ముందు “ఎవరు అన్నారు? ఏమని అన్నారు?” అని అడగండి. ఒక్క మ్యాచ్ పక్కన కూర్చుని చూడండి. “ఈ డ్రెస్ గెలిచిందా, కొన్నదా?” అని వాడినే చెప్పమనండి. స్క్రీన్ మీద కనిపించే ప్రతివాడి గురించీ చెప్పగలడు. వెక్కిరించేది మన క్యాంపస్ పిల్లలే అయితే క్లాస్ టీచర్‌కు చెప్పండి. దీన్ని ఆట గొడవ అని వదిలెయ్యం.

ఇక డబ్బు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది. దాంతో స్కిన్ల అమ్మకం ఆగలేదు. బీజీఎంఐ 2021లో మైనర్లకు రోజుకు 7,000 రూపాయల పరిమితి పెట్టింది. రోజుకు! ఆ పరిమితిని నమ్ముకుంటే లాభం లేదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వెరిఫికేషన్ అడిగే ఆప్షన్ ఆన్ చేయండి. పొరపాటున కొనేస్తే 48 గంటల్లోపు ప్లే స్టోర్‌లో రీఫండ్ అడగండి. ఇస్తారన్న హామీ మాత్రం లేదు.

ఆ తండ్రి యూపీఐ పిన్ అబ్బాయికి ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. పురుగుమందుల షాపులో కళ్లజోడు లేక, ఆయనే చెప్పి కొట్టించారట. మీ ఇంట్లోనూ అలాగే ఉంటే పిన్ ఈ రాత్రికే మార్చండి.